దారిలోనే ఉన్న కొండ

తమిళుల కార్తీకం మొదటి తేదీన మెడలో పళని మురుగన్ మాల పడిన గడియ నుంచీ అనంతరామకు ఇంట్లో పేరు లేకుండా పోయింది. మాల వేసుకున్నవాడు ఎవరికైనా సామియే. ఇన్నేళ్లుగా "ఏమండీ"తో సరిపెట్టిన భార్య కమలమ్మాళ్ "సామీ, నీళ్లు కాగినాయి" అనసాగింది. కోయంబత్తూరు పీలమేడులో ఆయన నడిపే పంపుల కార్ఖానాలో ఫిట్టర్లకూ, పాలుపోసే మనిషికీ, ఎదురింటి వాళ్లకూ ఆయన సామి. ఆ పిలుపు ఆయనకు ఇష్టంగానే ఉండేది. ఒక్క గంటను కూడా ఊరికే పోనివ్వడని పేరు తెచ్చుకున్న మనిషి. అరవై దాటిన తరువాతనైనా తన కాలాన్ని సరైన చోట వెచ్చిస్తున్నానన్న తృప్తి ఆయనకు ఆ రెండక్షరాలలో వినిపించేది.

ఒక్క గొంతులో మాత్రం ఆ మాట రుచించలేదు. ఆండిపట్టికి ఆవల ఒక పల్లెలో కూతురింట ఉంటున్న అక్క వెంకటమ్మాళ్ కూడా ఫోనులో "సామీ, తిన్నారా?" అని అడిగేది. తల్లి పోయేనాటికి అనంతరామకు నాలుగేళ్లు, ఆమెకు పద్నాలుగు. తమ్ముణ్ణి చంకనేసుకుని పత్తి చేలకు పోయింది. వాన వస్తే కొంగు తీసి వాడి నెత్తిన కప్పి తాను తడిసింది. వాడు కోయంబత్తూరుకు పాలిటెక్నిక్ చదువుకు పోతానన్నప్పుడు, తన పెళ్లి ఇంకొక రెండేళ్లు ఆగినా పరవాలేదని తండ్రితో పోట్లాడి పంపింది. అటువంటి మనిషి నోట "ఒరే" పోయి "రండి, పోండి" రావడం ఆయనకు చెవిలో ములుకులా ఉండేది.

"అక్కా, నువ్వు నన్ను సామీ అనొద్దు" అంటే నవ్వేది.

"అనకుంటే మురుగన్ నా నెత్తిన మొట్టడా? మీరు మాల దించండి. ఆపైన చూడండి, ఎట్ల తిడతానో."

నవ్వు చివర దగ్గు వచ్చేది. ఆ దగ్గు ఆగేదాకా ఆయన ఫోను చెవికి ఆనించుకుని నిలబడేవాడు.

ఆ మాల ఆమె కోసం వేసుకున్నదే. అంతకు ముందటి ఐప్పసి నెలలో మదురై ఆసుపత్రిలో ఆమెకు పరీక్షలన్నీ చేసి, కాలేయం చెడిపోయిందనీ, ఇక ఇంటికి తీసుకుపోయి అడిగినది పెట్టమనీ చెప్పారు. ఆ రోజు అనంతరామ ఆమె మంచం పక్కన కూర్చున్నాడు. కూర్చున్నంతసేపూ కార్ఖానా నుంచి ఫోన్లు వస్తూనే ఉన్నాయి. లేచి వరండాలోకి పోవడం, మాట్లాడడం, తిరిగి రావడం. నాలుగోసారి తిరిగి వచ్చినప్పుడు ఆమె ఆయన ముంజేయి పట్టుకుంది.

"ఊరికే వచ్చి కూచోరా ఒక పూట. ఏమీ తేవద్దు. నాయిన పోయె, తోడబుట్టిన వాళ్లంతా పోయిరి. మన చిన్ననాటి మాటలు తెలిసినోడివి నువ్వొకడివే మిగిలినావు. నీతో నాలుగు మాటలు ఆడితే సాలు నాకు."

"వారం వారం వస్తా అక్కా."

ఆ మాట అన్నప్పుడు ఆయన నిజంగానే అన్నాడు. కానీ మదురై నుంచి తిరిగి వస్తూ, చీకట్లో దూరాన పళని కొండ మీది దీపాలు కనిపించగానే ఆయన మనసు వేరొక దారి పట్టింది. ఆసుపత్రి చేయలేనిది మనిషి పక్కన కూర్చుంటే అవుతుందా? చేయగలవాడొకడున్నాడు. తై నెలలో వచ్చే తైపూసం పండుగ దాకా నియమం, ఆ పండుగకు కోయంబత్తూరు నుంచి కాలినడకన కొండకు పోవడం, బదులుగా అక్క ప్రాణం. కారు ఉడుమలై దాటేలోపల మొక్కుకోవడం అయిపోయింది. పాదయాత్ర గుంపును నడిపించే గురుసామి ముత్తుసామి చేతుల మీదుగా ఆయన మెడలో మాల పడింది.

మొదటి రెండు మూడు వారాల్లో ఆయన ఒకసారి పోయి రావలసింది. భజనల ఏర్పాట్లు, అన్నదానానికి మనుషులను కూడగట్టడం, తెల్లవారకముందే చన్నీళ్ల స్నానం, జపం, కోవెల చుట్టూ ప్రదక్షిణలు. రోజు చాలేది కాదు. ఆ తరువాత అక్కగారి ఇంట్లో పురుడు వచ్చింది. ఉషా, అంటే వెంకటమ్మాళ్ కూతురు, తన కూతురు దర్శినిని తొలి కాన్పుకు తెచ్చుకుంది. మార్గళి పుట్టకముందే మగపిల్లవాడు పుట్టాడు. మాల వేసుకున్నవాడు నెల తీరేదాకా పురిటింటి గడప తొక్కకూడదు. తొక్కితే మొక్కు చెడుతుంది, చెడితే ఆ చెరుపు ఎవరి కోసం మొక్కుకున్నారో వాళ్లకే తగులుతుంది. ఇందులో ఎవరికీ సందేహం లేదు, వెంకటమ్మాళ్‌కు అసలే లేదు. అనంతరామ బాధపడ్డాడు. కానీ పోలేకపోవడానికి దేవుడే కారణమైనప్పుడు మనిషి మనసు ఎంత తేలిక పడుతుందో ఆయన గమనించుకోలేదు. ఇప్పుడు ఆయన తెల్లవారుజామున ఇంకొంత ముందుగా లేచేవాడు, ఇంకొంతసేపు కళ్లు మూసుకుని కూర్చునేవాడు. ఆ కూర్చున్న పొద్దంతా అక్క దగ్గర కూర్చున్నట్టేనని నమ్మాడు.

ఇంగ్లీషు సంవత్సరం ముగియడానికి ముందునాటి సాయంత్రం ఉషా ఫోను చేసింది.

"మామా, అమ్మ నిన్న నుంచి గంజి కూడా పట్టలేదు. కన్ను తెరిస్తే నిన్నే అడుగుతా ఉండాది. లోపలికి రావద్దు నువ్వు, గేటు కాడ నిలబడి ఒకసారి మొగం చూపించి పోరాదా?"

ఆయన జవాబు వెతుక్కునేలోగా ఫోను చేయి మారింది. అక్క గొంతు సన్నగా, కానీ ఎప్పటి ఎగతాళితోనే వచ్చింది.

"ఏం సామీ. మీ మురుగన్‌కి ఇద్దరు పెండ్లాలు, కొండ నిండా బక్తులు. ఆయనకిచ్చే పొద్దులో నాకొక పూట ఇస్తే ఆయనకేం తక్కువై పోతాది? నాకు నువ్వొక్కడివే కదరా..." అని నాలుక కరుచుకున్నట్టు ఆగి, "కద సామీ" అంది.

అనంతరామ గోడకు ఆనుకున్నాడు. "రేపు వస్తా అక్కా. టిఫిన్ పొద్దుకల్లా నీ ముందర ఉంటా."

"నిజమా?"

"నిజం."

"సరి అయితే. వచ్చేదాకా ఉంటాలే."

ఫోను పెట్టిన తరువాత ఆయనకు ఆ ఆలోచన వచ్చింది. ఆండిపట్టికి పోయే దారి పళని మీదుగానే కదా! తైపూసం దాకా ఆగడమెందుకు? తెల్లవారకముందే కొండెక్కి, సామి ఎదుట మొక్కు సమర్పించి అక్కడే మాల తీయించుకుంటే, ఆపైన తాను మామూలు మనిషి. గేటు దగ్గర నిలబడే పని లేదు. లోపలికి పోవచ్చు, మంచం మీద కూర్చోవచ్చు, అక్క చేయి పట్టుకోవచ్చు. మొక్కూ చెడదు, మాటా తప్పదు. ముత్తుసామికి ఫోను చేస్తే ఆయన కూడా సంతోషించాడు.

"దారిలోనే కదా సామీ! నడక వచ్చే యేడు చూసుకుందాం. మన కష్టం మురుగన్‌కి తెలీదా?"

కమలమ్మాళ్ మాత్రం వడ్డించబోయిన గరిటెను గిన్నెలోనే వదిలింది.

"ముందు వదినను చూడండి. తిరిగి వచ్చేటప్పుడు కొండెక్కండి."

"మాలతో పోతే వాకిలి బయట నిలబడాల. దించి పోతే పక్కన కూచోవచ్చు కదా."

"రేపు ఏం దినమో తెలుసునా? వరుషం ముగిసే దినం. లోకమంతా ఆడనే ఉంటాది."

"వెలుగు రాకముందే పోతా. ఎంతసేపు అవుతాది?"

"మీకు ఎప్పుడూ అంతే. ఒక పోకకు రెండు పనులు కావాల. మీ కార్ఖానా లారీ మాదిరి, ఖాళీగా పోకూడదు, ఖాళీగా రాకూడదు" అని ఆమె విసురుగా అంది. మాల సంగతి గుర్తుకొచ్చి, "సామీ" అని చివర చేర్చింది.

పళనిలో ఆగుతానని ఆయన అక్కకు చెప్పలేదు. చెబితే ఆమె దిగులుపడుతుందని తనకు తాను చెప్పుకున్నాడు. నిజానికి చెబితే ఆమె వద్దంటుందేమోనని భయం.

డ్రైవరు సెంథిల్ కారును కొండ కింద నిలిపేసరికి ఇంకా మంచు విడలేదు. కానీ వీధి వీధంతా మనుషులే. పచ్చ పంచెలు, కావి పంచెలు, శబరిమలై నుంచి తిరిగివస్తున్న నల్ల పంచెలు, గుండు మీద చందనం పూసుకున్న కుటుంబాలు. కొత్త సంవత్సరాన్ని సామి ముఖం చూసి మొదలుపెట్టాలని ముందురోజే వచ్చి దిగినవాళ్లు. ఫోను పైకి తీసుకుపోనివ్వరు గనుక అనంతరామ దాన్ని సెంథిల్ చేతికిచ్చి, "ఉషా ఫోను చేస్తే దారిలో ఉన్నారని చెప్పు" అన్నాడు. అది అబద్ధం కూడా కాదు.

మెట్లెక్కడం త్వరగానే అయింది. పైన ఇనుప కమ్మీల మధ్య వరుసలో పడిన తరువాతే అడుగు కదలలేదు.

ప్రతి ఏడూ చివరి దినాన ఆయనకొక అలవాటు ఉంది. పూజగదిలో తలుపు వేసుకుని ఒంటరిగా కూర్చుని, గడిచిన నెలలను ఒక్కొక్కటిగా తలుచుకుని, ఏ నెలను ఎందుకు వెచ్చించాడో సామికి మనసులోనే చెప్పుకుంటాడు. ఈసారి ఆ పని వరుసలోనే మొదలుపెట్టాడు. తై నెలలో కొత్త లేత్ యంత్రం. పంగుని నెలలో ఇంటి పక్క కోవెలకు రేకుల పందిరి. ఆనిలో పనివాళ్ల పిల్లలకు బడి పుస్తకాలు. కార్తీకం నుంచి మాల. ఎక్కడా సోమరితనం లేదు, ఎక్కడా చెడు తిరుగుడు లేదు. నిండుగా గడిపిన ఏడు. అలా తృప్తిగా లెక్క ముగించబోతుండగా, మదురై ఆసుపత్రిలో ముంజేతిని పట్టుకున్న వేళ్లు గుర్తుకొచ్చాయి. ఏడాది మొత్తంలో అక్క దగ్గర కూర్చున్నది అదొక్కసారి. అదీ వరండాకూ మంచానికీ మధ్య తిరుగుతూ.

"అయ్యో రామా" అన్నాడు పైకే.

ముందు నిలబడిన ముసలామె ఆ తెలుగు విని గిరుక్కున తిరిగింది. గుండు మీద చందనం ఎండి పెచ్చులు కడుతోంది. "మనవాళ్లా మీరు? ఏ ఊరు సామీ?"

"కోయంబత్తూరు. పీలమేడు."

"నేను ఉడుమలై పక్కన. కాళియమ్మ అంటారు. మనుమరాలికి పెండ్లి కుదరాలని జుట్టిచ్చినా. కుదిరితే అదీ ఇస్తాది, కుదరకుంటే నాకు మొలిచింది మళ్లా ఇస్తా. సామికి నష్టం లేదు" అని కిలకిల నవ్వి, "మీ మొగం ఏంటికి అట్లుండాది?" అని అడిగింది.

"మా అక్కకు ఒళ్లు బాగలేదు. నాకోసం చూస్తా ఉంటుంది. పొద్దెక్కి పాయె."

అప్పటికి ఎండ కమ్మీల నీడలను నేల మీద పరిచింది. టిఫిన్ పొద్దు ఇక్కడే దాటిపోయింది. అనంతరామ మెడ చాచి కాపలా మనిషిని పిలిచి, బయటికి పోయే దారి ఎక్కడని అడిగాడు.

"ముందుకే దారి సామీ. దర్శనం చేసి అటే దిగిపోవాలి. వెనక్కి అంటే ఇంతమందినీ తోసుకుని పోవాలి. పోతారా?"

ఆయన వెనక్కి చూశాడు. తలలు, తలలు, వాటి మధ్య పిల్లలు. పోవచ్చు. కష్టమే, కాని పోవచ్చు. "జరగండప్పా, మా అక్క సావుబతుకుల్లో ఉండాది" అంటే దారి ఇవ్వని మనుషులు కారు వాళ్లు. ఆయన ఒక కాలు వెనక్కి వేశాడు కూడా.

"ఇంత దూరం వచ్చి మొగం చూడకుండానే పోతారా?" అంది కాళియమ్మ. "ఆ మలుపు తిరిగితే అయిపాయె."

అప్పుడు అనంతరామ తన జీవితమంతా చేసిన పద్ధతిలోనే ఆలోచించాడు. ఇంతసేపు నిలబడ్డాడు. ఇప్పుడు వెనక్కి పోతే ఈ నిలబడినదంతా వృథా. మాల మెడలోనే ఉంటుంది, గేటు దగ్గరే ఆగాలి. ఇంకొంచెం ఓర్చుకుంటే రెండూ దక్కుతాయి. వెనక్కి వేసిన కాలును మళ్లీ ముందుకు తెచ్చుకున్నాడు.

మలుపు తిరిగారు. దాని వెనక ఇంకొక మలుపు ఉంది.

చివరికి సామి ఎదుట నిలబడ్డది నాలుగు శ్వాసల సేపు. కర్పూరం వెలుగులో ఆ చిన్న మూర్తి ముఖం కనబడగానే ఆయన లోపల ఇన్నాళ్ల బరువేదో జారిపోయింది. అడగదలచుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. అడగనవసరం లేదనిపించింది. అక్కకు ఇక బాధ లేదు, అంతా సరి అయిందని ఎవరో చెవిలో చెప్పినంత స్పష్టంగా తోచింది. కన్నీళ్లు చెంపల మీదుగా కారుతుంటే తుడుచుకోలేదు. పక్క మంటపంలో ఒక ముసలి అర్చకుడు మంత్రం చెప్పి మాల తీసి, నొసట విభూతి పెట్టి, "పోయి రాప్పా" అన్నాడు. అంతే. నెలన్నర మెడను పట్టుకున్నది తీయడానికి రెప్పపాటు పట్టింది.

అనంతరామ మెట్లు దిగుతూ తనలో తాను నవ్వుకున్నాడు. మోకాళ్ల నొప్పి గుర్తుకు రాలేదు. అక్క ఇప్పుడు కడుపారా తిడుతుంది. ఇంత పొద్దుకా వచ్చేది అని తిడుతుంది. తిట్టనీ.

సెంథిల్ కారు దగ్గర లేడు. చివరి మెట్టు పక్కనే, ఎండలో, ఫోనును రెండు చేతులా పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఏమప్పా, శానా ఆలస్యమైపాయె. పద పద."

సెంథిల్ కదలలేదు.

"ఉషా ఫోను చేసిందా?"

"చేసినారయ్యా. నేను పైకి రావాలని చూసినా. మెట్ల కాడ ఆపేసినారు. ఎవరెవరితోనో చెప్పి పంపినా, మీకు అందలేదేమో." అతడు చెమట తుడుచుకునే నెపంతో ముఖం పక్కకు తిప్పుకున్నాడు. "మీరు ముందు కారులో కూచోండయ్యా. నీళ్లు తాగండి."

అనంతరామ కారులో కూర్చున్నాడు. సెంథిల్ మూత తీసి ఇచ్చిన నీళ్ల సీసాను ఒట్టన్‌సత్రం దాటేదాకా తాగకుండా చేతిలోనే పట్టుకున్నాడు.

దారిలో కమలమ్మాళ్ ఫోను చేసింది. ఆమె గొంతు బొంగురుపోయి ఉంది. "ముందు వదినను చూడండి" అన్న మాట ఆమె ఇప్పుడు ఎత్తలేదు. అసలు మాటే చెప్పింది. "పుట్టింటి కోడి మీ చేత్తోనే పోవాల. నేను బస్సు పట్టి వచ్చేసరికి పొద్దు గూకుతుంది. ఆండిపట్టిలో ఒక సీర తీసుకోండి."

కోడి అంటే వాళ్లలో ఆడదానికి చివరిసారి కప్పే కొత్త చీర; అది పుట్టింటి నుంచి, తోడబుట్టినవాడి చేతి మీదుగా రావాలి. అది రానిదే పాడె ఎత్తరు. వెంకటమ్మాళ్‌కు పుట్టిల్లంటే ఇప్పుడు ఈయన ఒక్కడే.

ఆండిపట్టి బజారులో చీరల కొట్టువాడు కొత్త సంవత్సరపు బేరాల హడావిడిలో ఉన్నాడు. "రండి అన్నా. ఎవరికి? వదినకా?"

"అక్కకి."

"ఏం వయసు? ఏ రంగు ఇష్టం వాళ్లకి?"

అనంతరామ అరల్లోని చీరల వైపు చూశాడు. ఆమెకు ఏ రంగు ఇష్టం? ఏటేటా తై నెలలో ఆమెకు చీర పోతూనే ఉంది. కమలమ్మాళ్ ఎంచేది, కార్ఖానా మనిషి ఎవరో ఒకడు అటు పోతూ ఇచ్చి వచ్చేవాడు. ఫోనులో ఆమె "శానా బాగుండాది" అనేది. ఆ చీర కట్టుకున్నప్పుడు ఆమెను ఆయన ఒక్కసారి కూడా చూడలేదు.

"ఇదిగోండి, ఈ మామిడిపండు రంగు చూడండి, అరక్కు ఎరుపు అంచు. పెద్దవాళ్లకు నిండుగా ఉంటాది" అని కొట్టువాడు మడత విప్పి ఒడుపుగా పరిచాడు. "తీసుకుపోయి కట్టి చూడమనండి. నచ్చకపోతే వారం లోపల తెచ్చి మార్చుకోండి అన్నా."

సెంథిల్ ముందుకు వచ్చి ఆ చీరను తానే మడిచి సంచిలో పెట్టించాడు.

ఇంటి ముందు పందిరి వేస్తున్నారు. వాకిట్లో, ఇంటి గడపకు దూరంగా, గేటుకు దగ్గరగా మంచం వేసి ఉంది. దాని మీద అక్క. తల శుభ్రంగా దువ్వి ఉంది, నొసట కుంకుమ లేదు, విభూతి గీత ఉంది. ఆయన అనుకున్నదానికంటే చాలా చిన్నదిగా కనబడింది. చుట్టూ కూర్చున్న ఆడవాళ్లు ఆయనను చూసి గొంతెత్తారు. ఉషా వాళ్ల మధ్య నుంచి లేచి వచ్చి ఆయన మెడ వైపు చూసింది.

"మాల దించేసినావా మామా?"

ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉండి ఉంటే బాగుండేదనిపించింది.

"పళనిలో ఆగినా. దించేసి వస్తే లోపలికి రావచ్చునని..." ఆ మాట పూర్తి చేయలేక ఆయన మంచం వైపు తిరిగాడు. "లోపల నుంచి ఎప్పుడు తెచ్చినారు?"

ఉషా కూడా మంచం వైపు తిరిగింది. "తేలేదు మామా. అమ్మే వచ్చింది. తెల్లవారేసరికే."

ఆయనకు అర్థం కాలేదు.

"సామి పురిటింటి గడప దాటకూడదు, నేను దాటితే ఏం పోయింది, నా మంచం వాకిట్లో వేయండి అనె. మంచు కురుస్తుండాదమ్మా, ఎండ వచ్చినాక పోదాం అంటిని. ఎంత తిట్టు తిట్టిందనుకొన్నావు! ఆరు నెలలుగా అంత గట్టిగా మాట్లాడలేదు. నలుగురం చేరి మోసుకొస్తిమి. తల దువ్వించుకొనె. గేటు కనబడేటట్టు పడుకోబెట్టమనె. ఎవరి బండి సద్దయినా తల ఎత్తి చూసె." ఉషా చేతితో పక్కకు చూపింది. "నువ్వు మాలలో ఉండావు, ఎవరూ కూచోని కుర్చీ కావాలని పక్కింట్లో కొత్తది ఉంటే అడిగి తెప్పించె. ఇంట్లో కాచింది తాగవు కదా, నీకని బొండాలు దింపించె."

మంచం తలాపిన ఒక కొత్త ప్లాస్టిక్ కుర్చీ ఉంది. దాని కాళ్లకు చుట్టిన కాగితం ఇంకా తీయలేదు. పక్కన నేల మీద మూడు కొబ్బరి బొండాలు. ఒకదాని తల చెక్కి, తాగడానికి సిద్ధంగా చేసి, మళ్లీ ఆ చెక్కుతోనే మూసి పెట్టారు.

"ఎండ వచ్చినాక లోపలికి పోదామంటే వినలేదు. ఇంగ వచ్చేస్తాడు అనె. తరువాత కన్ను మూసుకొనె. నిద్రపోతా ఉండాదనుకొంటిమి" అంది ఉషా.

అప్పుడు ఎంత పొద్దు అని అడగబోయి అనంతరామ ఆగిపోయాడు. కర్పూరం వెలుగులో తన లోపల కలిగిన ఆ చల్లదనం ఏ ఘడియలో కలిగిందో ఆయనకు తెలుసు. ఈ రెండు ఘడియలూ ఒకటే అయితే ఆ సామి తనకు ఏమి చెప్పినట్టు? కాకపోతే ఏమి చెప్పనట్టు? ఏ జవాబు విన్నా ఇక ఆ ముఖం ఎదుట నిలబడలేనని తోచింది. అడగలేదు. ఆ తరువాత కూడా ఎన్నడూ అడగలేదు.

పెద్దామె ఒకరు చెప్పినట్టు చీర విప్పి రెండు చేతులా పట్టుకుని అక్క మీద కప్పాడు. మామిడిపండు రంగు ఆమె గడ్డం దాకా వచ్చింది. అంచు సరి చేస్తుంటే ఆమె వేళ్లు తగిలాయి. ఆ చేయి తీసుకుని, మంచం పక్కన ఉన్న ఆ కుర్చీలో కూర్చున్నాడు.

కొంతసేపటికి ఊరి పెద్ద ఒకాయన వచ్చి మెల్లగా భుజం తట్టాడు. "లేవండప్పా. కోడి వేయడం అయింది కదా. పొద్దు గూకే లోపల ఎత్తాల. రేపు కొత్త వరుషం, ఊరి కోవెల్లో విశేష పూజ. శవం పొలిమేర దాటితేనే కోవెల తలుపు తీస్తారు."

"కోవెల కాసేపు ఆగనీండి" అన్నాడు అనంతరామ.

పెద్దాయన విన్నది నిజమేనా అన్నట్టు చూశాడు. నిన్నటిదాకా మాల వేసుకుని ఉన్న మనిషి, మొక్కు కోసం తోడబుట్టినదాని గడప కూడా తొక్కనివాడు.

"మా అక్క నన్నొక పూట అడిగింది" అన్నాడు ఆయన మళ్లీ, ఎవరి ముఖమూ చూడకుండా. "ఒక్క పూట. కూచోనీండి."

"ఇప్పుడు కూచుంటే ఆమెకేం తెలుస్తాదప్పా?"

ఆయన అక్క చేయి వదలలేదు. లోపల దర్శిని బిడ్డ ఏడుస్తోంది, ఎవరో జోకొడుతున్నారు. ఉషా కొంగుతో ముఖం తుడుచుకుని పెద్దాయన ముందుకు వచ్చి నిలబడింది. "కూచోనీండి తాతా. అమ్మ పొద్దున నుంచి చూసింది. కోవెల వాళ్లు కాసేపు చూస్తే ఏం?"

"సరే. కాసేపే" అని పెద్దాయన గేటు వైపు నడిచాడు.

ఆడవాళ్లు ఏడుపు తగ్గించి కొంచెం వెనక్కి జరిగారు. అనంతరామ కుర్చీని మంచానికి ఇంకా దగ్గరగా లాక్కున్నాడు. అక్కతో మాట్లాడాలి. ఆమె కోరింది అదే, నాలుగు మాటలు. నాయిన గురించి చెప్పాలా, చేల గురించి చెప్పాలా, తనతో పాటు పెరిగిన ఎవరి గురించైనా చెప్పాలా? నోరు తెరిచాడు. మొదటి మాట కోసం వెతుకుతూ ఆమె ముఖం వైపే చూస్తూ ఉండిపోయాడు.

గేటు అవతల మగవాళ్లు నిలబడే ఉన్నారు. వాళ్లలో ఒకడు మాటిమాటికీ ఎండ వైపు చూస్తున్నాడు.